లాభం, రెండు, మూడు

1998 మే 11, సోమవారం

మధ్యాహ్నం బ్యాచి పిల్లలు ఒక్కరూ రాలేదు. ఈ ఎండకు మదనపల్లెలో మనిషనేవాడు బయటికి రావడం లేదు. టైపు మిషన్ల మీద గుడ్డలు కప్పేసి ఈ డైరీ తీశాను. ఇంట్లో రాస్తే ఆయన "ఏం లక్ష్మీ, కథలు రాస్తాండావా" అని ఆట పట్టిస్తాడు. అందుకే ఇన్‌స్టిట్యూట్ డ్రాయర్‌లో ఉంచుకుని ఇక్కడే రాస్తాను.

ఇంట్లో విత్తనం పని నడుస్తోంది. రామసముద్రం దగ్గర మా చేనికి కావలసిన శనక్కాయలు మూటలు తెప్పించి, అత్త వసారాలో కూర్చుని ఒలుస్తోంది. పక్కన మా పాప శాలిని. దానికి నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. అవ్వ పక్కన కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు. ఇద్దరికీ ఒక ఆట ఉంది. కాయను బొటనవేలితో తడిమి లోపల ఎన్ని గింజలున్నాయో ముందే చెప్పాలి, తర్వాత చిట్లించి చూడాలి. సరిగ్గా చెబితే ఆ గింజలు పాపవి, తప్పితే అవ్వవి. పాపే ఎక్కువ గెలుస్తోంది. అత్త కావాలనే ఓడిపోతోందనుకున్నాను. "లేదమ్మా, దానికి ఏలి కొసన్నే కండ్లుండాయి" అంది. ఇట్లా గెలిచినవన్నీ తినేస్తే చేన్లో చల్లడానికి ఏం మిగులుతుందని అడిగాను. ఇద్దరూ నా మాట వినలేదు.

ఒలిచిన గింజలు శేరుతో కొలిచి గోతంలో పోసేటప్పుడు అత్తది కళ్ళంలో లెక్క. మొదటి శేరును ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాత ఏడు అనే మాట నోట రాకూడదు, గింజల ముందర ఏడుపు మాట ఎందుకని. ఆరూనొకటి అంటుంది. కుప్పంలో మా నాయనది ఆఫీసు ఉద్యోగం, మేం ఎప్పుడూ గింజ కొలిచి ఎరగం. ఈ లెక్క నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. పాపకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఇదే లెక్క. ఈ ఉదయం అద్దం ముందర నిలబడి "అమ్మా, నాకు లాభం ముక్కుండాది, రెండు కండ్లుండాయి" అంది. నాకు నవ్వొచ్చింది. వచ్చే నెల కాన్వెంటుకు తీసుకుపోవాలి, ఆలోపల దిద్దాలి.

మే 15

నిన్న పాప అత్తను నిలదీసింది. "ఆరూనొకటి అయినంక ఎనిమిది యాల అవ్వా? ఆరూరెండు గదా?"

అత్త చేతిలో శేరు ఆగింది. కాసేపు ఆలోచించి, "అవునే, ఆరూరెండే" అంది.

"అట్లయితే తొమ్మిది ఆరూమూడు."

"ఆరూమూడే."

"పది ఆరూనాలుగు."

గింజలు కొలవడం మానేసి ఇద్దరూ అదే పనిలో పడ్డారు. ఆరూ ఆరు దాకా వచ్చి పాప ఆగిపోయింది. ఆపైన ఎట్లా పోవాలో తెలియలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చేతివేళ్ళ వైపు చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. నేను చెప్పబోతే అత్త కళ్ళతోనే వద్దంది. చివరికి పాపే "రెండు ఆర్లు" అని అరిచి, చప్పట్లు కొట్టుకుంటూ వసారా అంతా తిరిగింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నాకు కూడా చెప్పింది, నేను అక్కడ లేనట్టు. బీఎస్సీలో లెక్కలు తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కినదాన్ని నేను. ఒక అంకె కోసం అట్లా పరిగెత్తింది నా జన్మలో లేదు.

మే 28

ఒకటి, రెండు అని నేర్పిస్తున్నాను. నా ముందర ఒకటి అంటుంది. శేరు కనిపిస్తే లాభం అంటుంది.

అత్తతో చెప్పాను, కొన్నాళ్ళు దాని ముందర మామూలుగా లెక్కపెట్టమని. "సరేమ్మా" అంది. కానీ ముప్పై నలభై ఏళ్ళ నోరు, వింటుందా? పొద్దున రాగులు కొలుస్తూ "ఒ" అని ఆగి, నా వైపు చూసి, మొదటి శేరు పెదవులు కదపకుండానే పోసింది.

జూన్ 3, బుధవారం

కాన్వెంటుకు పోయి వచ్చాం. ఆయన పట్టుగూళ్ళ బేరానికి పుంగనూరు పోయాడు. అత్త ఇంటి దగ్గరే ఉంది. నేనూ పాపా పోయాం. కొత్త గౌను వేశాను, గొబ్బిపూల రంగు అని అత్త ముచ్చటపడింది.

గదిలో పెద్ద మేడం, ఆమె పక్కన రోజా మిస్ ఉన్నారు. ఎల్‌కేజీకి రోజా మిస్సేనట. తలుపు దగ్గర ఇంకొక జంట వాళ్ళ అబ్బాయితో నిలబడి ఉన్నారు. డాక్టరు వాళ్ళో ఎవరో, ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడుకునే రకం. పేరడిగితే పాప చెప్పింది. రంగులడిగితే చెప్పింది. తర్వాత మేడం రెండు గిన్నెలు జరిపి, ఒకదాంట్లోంచి చెక్కపూసలు తీసి రెండోదాంట్లో వేస్తూ లెక్కపెట్టమంది. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే చెప్పమంది. ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పోయడమంటే పాపకు ఒకటే లెక్క తెలుసు.

"లాభం" అంది, గట్టిగా, కళ్ళంలో పదిమందికి వినపడేట్టు.

"ఏమంటోంది?" అంది మేడం.

పాప ఆగలేదు. రెండు, మూడు అని పోయి ఆరూనొకటి కూడా అంది. రోజా మిస్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తలుపు దగ్గర వాళ్ళూ నవ్వారు. "అంగడి పెడతావా పాపా?" అని మేడం అడిగింది. ఆమె నవ్వులో చెడు ఏమీ లేదు, ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే ముచ్చటపడిందేమో. "ఎవరు నేర్పించారమ్మా నీకు ఈ లెక్క?"

పాప నోరు తెరిచింది. నేనే ముందు మాట్లాడాను. "మా ఇంట్లో పనామె మేడం. పల్లెటూరు మనిషి. నేను పనికి పోతాను కదా, పొద్దంతా ఆమె దగ్గరే ఉంటుంది."

"పనివాళ్ళ దగ్గర వదిలేస్తే అంతేనమ్మా. కొంచెం చూసుకోండి."

"చూసుకుంటాను మేడం" అన్నాను.

బయటికి వచ్చాక పాప అడిగింది, "అమ్మా, పనామె ఎవురు? మనింట్లో యాడుండాది?" ఏదో ఊరికే అన్నానని చెప్పాను. అంగట్లో చాక్లెట్ కొనిచ్చి, అక్కడ అన్న మాటలు అవ్వతో చెప్పొద్దన్నాను. లాభం గీభం అని ఇంకెప్పుడూ అనొద్దని కూడా గట్టిగానే చెప్పాను. అంది కాబట్టే కదా ఇంతా వచ్చింది. పాప చాక్లెట్ కాగితం నున్నగా దిద్దుకుంటూ తలూపింది.

జూన్ 4

సీటు వచ్చింది.

జూన్ 6

ఏమంత పెద్ద అబద్ధం అని. అక్కడ అత్త అని చెప్పి ఉంటే ఇంట్లో వాళ్ళే ఇట్లా అయితే ఇంక పాపకు ఏం చదువు వస్తుంది అనుకునేవాళ్ళు. సీటు రాకపోతే అత్తకే ఎక్కువ బాధ. ఆమె కోసమే అన్నానని కూడా చెప్పొచ్చు.

అయినా ఇంట్లో పని చేసేది ఆమే కదా. పొద్దున లేచి కల్లాపి చల్లేది, నీళ్ళు పట్టేది, సంగటి కెలికేది, పాపకు తల దువ్వేది, నేను వచ్చేసరికి అంట్లు తోమి బోర్లించేది. పని చేసే మనిషిని పనామె అన్నాను. రాశాక చదువుకుంటే ఇది నాకే బాగాలేదు. కానీ కొట్టెయ్యను, కొట్టేస్తే ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

సీటు వచ్చిందని అత్త వీధిలో అందరికీ బెల్లం పంచింది. "మా కోడలు సదువుకున్నింది కాబట్టి బిడ్డను అంత పెద్ద బడిలో ఏసినాది" అంటోంది.

జూన్ 15, సోమవారం

బడి తెరిచారు. ఎల్‌కేజీ వాళ్ళను మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఆ వేళకు నాకు బ్యాచి ఉంటుంది కాబట్టి అత్తే పోయి తీసుకొస్తుంది.

"గేటు బయటనే నిలబడు అత్తా, లోపలికి రానీరు" అని చెప్పాను.

లోపలికి రానిస్తారు.

జూన్ 24

పాప అత్తతో లెక్కలాట ఆడడం మానేసింది. ఇది నేను కనిపెట్టలేదు, అత్తే చెప్పింది. కాయ చేతిలో పెడితే చిట్లించి తినేస్తుందట, ఎన్ని గింజలని చెప్పదట. రాగులు కొలిచేటప్పుడు పక్కకు రాదట. "నేనేమన్నా అనింటానా లక్ష్మీ? ఏం తప్పు సేసినానో తెలీలేదే" అంది.

బడికి పోతే పిల్లలు మారతారని చెప్పాను.

"లాభం అనొద్దని నువ్వు సెప్పినాక నేను అన్లేదు. నీ మీదొట్టు. ఒకటి అనే అంటాండా. నాకు ఆ మాట గొంతు కడ్డం పడతాది, అయినా అంటాండా."

ఆమె ఒకటి అంటోందని నేను గమనించనే లేదు. ఇన్నేళ్ళలో అనని మాట. పంటకు మంచిది కాదని నమ్మే మనిషి ఈ సంవత్సరం విత్తనం ఒకటి అని కొలిచింది.

జూలై 5, ఆదివారం. కుప్పం

నిన్న పలమనేరులో బస్సు మారి పుట్టింటికి వచ్చాం. చిన్నాయన మనవరాలికి పేరు పెడుతున్నారని పిలిచారు. డైరీ సంచిలో వేసుకుని వచ్చాను, ఎందుకో.

మా అమ్మ అరటిపండ్ల గెల దించి, ఒక హస్తం కోసి చూపించి, "ఈ అత్తంలో ఎన్ని పండ్లుండాయో సెప్పు, అన్నీ నీకే" అంది. పాప "తెలీదు" అంది. తెలుసు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ కమ్మీలు కళ్ళతోనే లెక్కపెట్టుకోవడం చూశాను, పెదవులు బిగించి. మా అమ్మ నా వైపు తిరిగి, "ఏమే, కాన్వెంట్లో యేసి ఒకటి రెండు కూడా రాకుండా సేసినావా" అంది. నవ్వుతూనే అంది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పాప కనపడలేదు. పెరట్లో బట్టలుతికే బండ వెనక కూర్చుని ఉంది. కొబ్బరి చిప్పలో చింతగింజలు పెట్టుకుని ఇంకో చిప్పలో వేస్తోంది. దగ్గరికి పోయేదాకా వినపడలేదు, అంత మెల్లగా అంటోంది. "లాభం." మొహమంతా వెలుగు. ఇన్ని రోజులుగా చూడని మొహం. ఆరూనొకటి, ఆరూరెండు అని వస్తూ ఉంటే నాకు కూడా లోపల సంతోషం పొంగింది. అక్కడే నిలబడిపోతే బాగుండేది. ఇంకో అడుగు వేశాను. పాప నన్ను చూసి చిప్పలు రెండూ బోర్లించి గింజల మీద కూర్చుంది.

"ఏం లేదమ్మా" అంది. "ఊరికే కూసోనుండా."

నాలుగేళ్ళ పిల్లకు దాచిపెట్టడం వచ్చేసింది. నేర్పింది నేనే. ఆ బండ దగ్గరే కూర్చుని, నువ్వు లాభం అనుకోవచ్చు, నేను కోప్పడను అని చెప్పాలనుకున్నాను. అట్లా చెబితే, మరి అప్పుడు ఎందుకు వద్దన్నావని అడుగుతుంది. లోపలికి రమ్మన్నాను, అంతే.

మా అమ్మకు చెబుదామనుకున్నాను. అమ్మకు చెబితే నెమ్మదిగా ఉంటుంది, కానీ అమ్మ నా పక్షమే మాట్లాడుతుంది. దానివల్ల లాభం లేదు. ఈ మాట రాసి నాకే ఏదోగా ఉంది.

జూలై 11

ఆయన పట్టుగూళ్ళు కొన్ని తెచ్చి పాప ముందర పోశాడు. "లాభం అని మొదలుపెట్టమ్మా, నాకు నాలుగు రాళ్ళు కలిసొస్తాయి." పాప నా మొహం చూసి అవతలికి వెళ్ళిపోయింది.

"దీన్ని ఎవురన్నా కొట్టినారా?" అన్నాడు.

"ఎవరు కొడతారు" అన్నాను. అత్త గూళ్ళన్నీ ఎత్తి బుట్టలో వేసింది.

జూలై 20, సోమవారం

రోజా మిస్ కబురు పంపింది. ఇన్‌స్టిట్యూట్ వేరే అమ్మాయికి అప్పజెప్పి పోయాను. పాప ఏమీ పలకడం లేదని పిలిచారనుకున్నాను.

"ఏం లేదండీ, చిన్న విషయమే" అంది మిస్. "పిల్ల మంచిదే, తెలివైనది. కాకపోతే ఒక అబద్ధం చెబుతోంది. ముందే మాన్పించాలి కదా. మీ పనామె లేదూ, రోజూ తీసుకుపోవడానికి వస్తుంది కదా పెద్దామె, ఆమెను మా అవ్వ అని పిల్లలందరికీ చెబుతోంది."

నాకు కుర్చీ చూపించింది. నేను నిలబడే ఉన్నాను.

"అలవాటు పడిపోయి ఉంటుంది పాపం. అవ్వ కాదమ్మా, పనామె అని చెప్పాను. వినదే. శుక్రవారం అయితే ఏడ్చి గొడవ చేసింది. సరే, ఆమెనే అడుగుదామని గేటు దగ్గరికి తీసుకుపోయాను. నువ్వు వాళ్ళింట్లో పనామెవే కదా అని అడిగాను."

"ఏమంది?"

"అవునమ్మా అంది. ఇంకేమంటుంది? ఆమె ముందరే పాపకు చెప్పాను, చూశావా అని. ఈ పొద్దు మళ్ళీ అదే మాట. అందుకే కాసేపు బెంచీ పక్కన నిలబెట్టాను. కొట్టలేదులెండి. ఏమీ అనుకోవద్దు."

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆమె మా అత్త. నోట్లోకి కూడా వచ్చింది. మిస్ నా మొహంలోకి మంచిగానే చూస్తోంది, నేను కూడా ఆమెలాంటి చదువుకున్నదాన్నే అన్నట్టు.

"పర్లేదు మిస్" అన్నాను.

జూలై 21

పర్లేదు మిస్ అన్నాను.

జూలై 22

పాప ఇప్పుడు ఒకటి, రెండు అని కూడా అనడం లేదు. దొంగతనంగా కూడా లెక్కపెట్టుకోవడం లేదు. నిన్నటినుంచీ వెనక వెనక తిరిగి చూశాను. పొద్దున అత్త దోసె తుంచి ఇస్తే, సగం, అందులో సగం అని ఎప్పుడూ అడిగి తుంచుకునే పిల్ల, పెట్టింది పెట్టినట్టు తినేసి లేచిపోయింది.

ఆయన బయటికి పోయాక వసారాలో అత్త దగ్గర కూర్చున్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. "మిస్ అడిగితే అవునని ఎందుకన్నావత్తా?" అన్నాను. తప్పు ఆమెదైనట్టు అడిగాను.

అత్త చేట పక్కన పెట్టింది. "ఆయమ్మ అడగంగానే నాకు తెలిసిపోయినాదమ్మా, నువ్వేదో సెప్పింటావని. నేను కాదు అంటే నువ్వు అబద్ధాలదానివి అవుతావు. బిడ్డ సీటు తీసేస్తారేమో అనుకున్నా. నాకేమి, అవునంటే నా ఒంటి మీద ముద్ర పడుతుందా అనుకున్నా."

"నాకు చెప్పలేదే."

"ఏమని సెప్పేది?" మళ్ళీ చేట అందుకుని, మళ్ళీ పక్కన పెట్టింది. "నాకు నీ మీద కోపం లేదు అంటే అది అబద్ధం. ఉండాది. కానీ అది కాదు లక్ష్మీ. బిడ్డ నా సెయ్యి పట్టుకోనుండాది. సెప్పవ్వా, సెప్పవ్వా అని ఊపతాండాది. నేను అవునమ్మా అన్నా. టక్కన సెయ్యి ఇడిసిపెట్టేసింది. ఇంటి దాకా నా ఎనకాల నడిసొచ్చినాది గానీ పక్కకు రాలే. అది నా తప్పే గదా. నిన్నేమనేది?"

నాది తప్పు అత్తా అన్నాను. ఎల్లుండి మిస్ దగ్గరికి పోయి నిజం చెబుతానన్నాను, నువ్వూ రావాలన్నాను.

"నేనెందుకమ్మా? నన్ను కూడా అబద్ధాలదాన్ని సేస్తావా ఆడ?" అంది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "బిడ్డ కోసరమైతే వస్తా" అంది.

రేపే పోవచ్చు. ఎల్లుండి అని ఎందుకన్నానో నాకు తెలుసు.

జూలై 24, శుక్రవారం

పోయి వచ్చాం.

బడి వదిలే వేళకు పోయాం. అత్త పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. గేటు దగ్గర ఆగబోతే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రోజా మిస్ పాపను తీసుకుని వరండాలోకి వచ్చింది.

నిల్చున్న చోటే చెప్పేశాను. "మిస్, ఈమె మా పనామె కాదు. మా అత్త సుభద్రమ్మ. మా ఆయన తల్లి. ఆ రోజు మీరందరూ నవ్వుతుంటే నాకు నామోషీ వేసి అబద్ధం చెప్పాను. ఆమె నా పరువు కోసం అవునంది. పాప ఒక్కటే నిజం చెప్పింది."

మిస్ మొహం ఎర్రబడింది. "అయ్యో" అంది. అత్తకు నమస్కారం పెట్టింది. అత్త ఏం చెయ్యాలో తెలియక తనూ పెట్టింది. "నేను అనవసరంగా పిల్లను నిలబెట్టానే" అంటూ మిస్ పాప ముందర కూర్చుంది. నాకు ఆమె మీద ఉన్న కాస్త కోపమూ పోయింది. కోపం పెట్టుకోవడానికి ఆమె చేసిందేముంది?

"పాపకు మీరే చెప్పాలి మిస్, తను చెప్పిందే నిజమని" అన్నాను.

"సారీ శాలినీ" అంది మిస్. "మిస్ తప్పు చేసింది. ఇప్పుడు చెప్పు, గట్టిగా చెప్పు. ఈమె ఎవరు నీకు?"

పాప మిస్ మొహం చూసింది. అత్త మొహం చూసింది. అత్త నవ్వుతూ చెప్పమన్నట్టు తలూపింది. చివరికి పాప నా వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"పనామె" అంది.

మేం ముగ్గురం అట్లా నిలబడిపోయేసరికి మళ్ళీ తప్పు చెప్పానేమోనని దానికి భయం వేసింది. దగ్గరికొచ్చి నా చీర పట్టుకుంది.

"ఈ పారి కరెక్టే గదా అమ్మా?" అంది.